కట్ట మీద బాట

వాన వెలిసిన పొద్దున చెరువు కట్ట మీద నడిస్తే రెండు పాదాలూ ఒకే మట్టంలో పడవు. నీటి వైపు పాదం వెంట్రుకవాసి కిందికి, పొలాల వైపు పాదం వెంట్రుకవాసి పైకి పడుతుంది. చానా ఏండ్లు నేను నా చెప్పులే ఒకవైపు అరిగాయనుకున్నాను. చెప్పులు మార్చినా తేడా పోలేదు. ఒకరోజు జల్లు పడి ఆగిన వెంటనే వంగి చూస్తే తెలిసింది, వంకర నా చెప్పులది కాదు, కట్టది. కట్ట నెత్తి చూడటానికి చదునుగానే ఉంటుంది గానీ నిజానికి చెరువు వైపు ఒక పిసరు వాలి ఉంటుంది. దాని మీద పడ్డ వాన చినుకులన్నీ సన్నటి పాయలై చెరువు వైపే జారిపోతాయి.

అది పొరపాటున వచ్చిన వాలు కాదు. కట్టకు లోపలి వైపు రాయి పరిచి ఉంటుంది. బయటి వైపు, అంటే పొలాల వైపు, మట్టీ గడ్డీ తప్ప ఇంకేమీ ఉండదు. వాన నీళ్లు బయటి వాలు మీదికి పోతే ఒక్క వానాకాలంలోనే వేలెడు చాళ్లు పడతాయి, రెండో వానాకాలానికి అవి మూరెడు గండ్లవుతాయి. అందుకే నెత్తిన పడ్డ నీళ్లను రాయి ఉన్న వైపు పంపాలని కట్టినవాళ్లు ముందే అనుకున్నారు. నడిచేవాడికి కనబడకుండా, కాలికి మాత్రమే తెలిసేంత వాలు పెట్టారు. ఈ వ్యాసం ఆ పనితనం గురించే.

వేములవాడకు వచ్చేవాళ్లు రాజన్న కోసం, అంటే రాజరాజేశ్వరస్వామి కోసం వస్తారు. ధర్మగుండంలో మునిగి, కోడె మొక్కు చెల్లించి, నంది కమాన్ దాటి బస్సెక్కి పోతారు. తిప్పాపూర్ బస్టాండుకు పోయే వంతెన మీద కిటికీలోంచి మూలవాగు ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. కానీ ఈ ఊరిని నీళ్ల వెంబడి నడిచి చూడటం ఇంకో తీరు యాత్ర. గుడిని ఆనుకొని గుడి చెరువు ఉంది. ఊరిని ఒరుసుకుంటూ మూలవాగు పోతుంది. కోనరావుపేట వైపు నుంచి వచ్చే ఈ వాగు మానేరులో కలిసే తావు ఇప్పుడు మధ్య మానేరు జలాశయం కడుపులో ఉంది. ఆ జలాశయానికి పెట్టిన పేరు కూడా శ్రీ రాజరాజేశ్వరుడిదే. చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ఒక చెరువో, రెండు కుంటలో, వాటిని కలిపే ఒర్రెలో కనబడతాయి.

పరాయి దేశాల్లో కొన్ని నగరాలు వాగుల వెంట నడకబాటలు వేసి, వాటిని ఒకదానికొకటి కలిపి పెద్ద అల్లికగా తయారు చేసుకున్నాయి. వాటికి పటాలుంటాయి, రాళ్ల మీద దూరాలుంటాయి. మన దగ్గర అల్లిక ఉంది, పటం లేదు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. దుంకిన నీళ్లు ఒర్రె పట్టి కింది చెరువుకు పోతాయి. అది నిండితే దాని మత్తడి దుంకి ఇంకో ఒర్రె, ఆఖరుకు వాగు. దీన్నే గొలుసుకట్టు అంటాం. నీళ్లు పోయే ప్రతి చోటుకూ పక్కన మనిషి పోయే బాట ఒకటి ఉంది. ఎందుకంటే ఆ నీళ్లను ఎవరో ఒకరు వెంటబడి చూసుకోవాలి. మన కట్టల మీద బాటలు షికారు కోసం పుట్టలేదు. కాపలా కోసం పుట్టాయి. షికారు తర్వాత వచ్చి చేరింది.

ఈ ఒక్క మాట మనసులో పెట్టుకొని కట్టను చూస్తే అందులో ప్రతి వంపుకూ అర్థం దొరుకుతుంది.

ముందు కట్ట కడుపు సంగతి. పైకి కనబడేది మొరం. లోపల ఉండేది నల్లరేగడి. రేగడికి నీళ్లు తగిలితే ఉబ్బి, సందులన్నీ మూసేసుకొని, నీటిని అవతలికి పోనివ్వదు. కానీ అదే రేగడి ఎండకు చెయ్యి పట్టేంత పర్రెలు బారుతుంది. అందుకే దాన్ని నడుమ దాచి, చుట్టూ మొరం కప్పుతారు. ఎండను మొరం ఆపుతుంది, నీటిని రేగడి ఆపుతుంది. కట్ట నేల మీద పెట్టిన దిబ్బ కూడా కాదు. మొదట నేలలో కందకం తవ్వి, గట్టి పొర తగిలేదాకా పోయి, అక్కడి నుంచే రేగడి నింపుకుంటూ పైకి వస్తారు. చెట్టుకు తల్లివేరు ఎట్లాగో కట్టకు ఆ కందకం అట్లా. అది లేకుంటే నీళ్లు కట్టను ముట్టకుండా దాని కాళ్ల కిందినుంచి పోతాయి.

మట్టి పోసిన తర్వాత దాన్ని గట్టిపరచడం ఇంకో విద్య. జానెడు మందం పొర పోయాలి, తడపాలి, తొక్కించాలి, ఆ తర్వాతే మరో పొర. తడి ఎక్కువైతే బురద, తక్కువైతే పొడి. ముద్ద చేసి పిసికితే చేతికి అంటకుండా, విడిపోకుండా ఉండాలి. తొక్కడానికి ఎడ్లనూ గొర్రెలనూ తోలేవారు. గొర్రె డెక్క చిన్నది, బరువంతా ఆ చిన్న చోటు మీదే పడుతుంది, అందుకే మట్టి అడుగు నుంచి గట్టిపడుతుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో పుట్టిన షీప్‌ఫుట్ రోలర్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. గొర్రెల మంద నడిచిన నేల గట్టిపడటం చూసే ఆ ఆలోచన పుట్టిందని చెప్తారు. ఇనుప డ్రమ్ము చుట్టూ డెక్కల్లాంటి మొనలు పెట్టిన ఆ యంత్రమే ఇవాళ పెద్ద పెద్ద డ్యాముల కట్టల మీద తిరుగుతుంది. కోడె మొక్కుకు వచ్చి ఎద్దు వెనక ప్రదక్షిణ చేసే మన ఊరి జనానికి పశువు డెక్క విలువ విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

మట్టి తవ్వే పని వడ్డెరలది. ఎంత తవ్వారో కొలవడానికి గుంత నడుమ అక్కడక్కడ మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేస్తారు. దిమ్మె నెత్తి పాత నేల మట్టం, దిమ్మె కాలు కొత్త మట్టం. టేపు లేకపోయినా, లెక్క రాసే గుమస్తా మాటను నమ్మకపోయినా, దిమ్మె అబద్ధమాడదు. ఉపాధి హామీ పనుల్లో కూడా ఈ పద్ధతి కనబడుతుంది. కొలత తేలి కూలి లెక్క అయిపోయాక ఆ దిమ్మెలను కూడా కొట్టేస్తారు. నాకు అవి ఉన్న గుంతను చూస్తే ఏదో పాడుబడ్డ మంటపం స్తంభాలు చూసినట్టుంటుంది.

ఇంకో సూక్ష్మం. కట్టకు నడిమధ్యన, అంటే పాత వాగు పారిన చోట, మట్టి ఎత్తు ఎక్కువ. ఎత్తు ఎక్కువైన చోట మట్టి ఏండ్ల మీద ఎక్కువ కుంగుతుంది. అందుకని కట్టేటప్పుడే ఆ నడుమ కొంచెం ఎక్కువ పోసి, ఒంటె వీపులా కాదు గానీ దున్నపోతు వీపులా లేపి పెడతారు. పది, ఇరవై ఏండ్లకు అది కుంగి చదునవుతుంది. రేపు కుంగబోయేదానికి ఇవాళే చోటిచ్చిన చేతులవి.

లోపలి వాలు మీద రాయి పరుపు దగ్గరికి వస్తే, నేను గంటలు గంటలు చూడగలను. అందులో సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక్కో రాయి పొడుగు వైపు లోపలికి దూరేట్టు, పొట్టి ముఖం బయటికి కనబడేట్టు నిలబెడతారు. మనకు కనబడేది అరచేయంత. లోపల దాగినది మోచెయ్యంత. రాళ్ల నడుమ సందుల్లో చిన్న చిప్పరాళ్లు కొట్టి బిగిస్తారు. కొత్తగా చూసేవాడు సిమెంటు పూస్తే ఇంకా గట్టిగా ఉండేది కదా అంటాడు. అక్కడే పనితనం ఉంది. చెరువు మట్టం వేగంగా దిగినప్పుడు మట్టిలో ఇంకిన నీళ్లు వెనక్కి రావాలని చూస్తాయి. సందులుంటే ఆ సందుల్లోంచి వచ్చేస్తాయి. సిమెంటుతో మూసేస్తే లోపలే నిలబడి, పరుపునంతా వీపుతో తోసినట్టు బయటికి తోస్తాయి. ఆషాఢం గాలికి లేచే అలలు కూడా గరుకు రాయి మీద పడి ముక్కలై చచ్చిపోతాయి, నున్నటి గోడ మీదైతే ఎగిసి పైకెక్కుతాయి. వదులుగా కనబడేదే గట్టిది, గట్టిగా కనబడేదే బలహీనం. మూడు తరాలు తట్టుకున్న రాయి పరుపు పక్కన ఈ మధ్య పోసిన కాంక్రీటు పలక పగిలి, వాలి, కిందికి జారి ఉండటం ఎన్ని చెరువుల దగ్గర చూశానో!

కట్ట ఎంత గొప్పగా కట్టినా కొంత నీరు అందులోంచి పోతూనే ఉంటుంది. చెరువు మట్టం దగ్గర మొదలై కట్ట కడుపులోంచి మెల్లగా వంగుతూ బయటి వాలు అడుగుకు చేరుకుంటుంది. ఆ ఊట అడుగునే, తేటగా, చెమ్మగా బయటపడితే కట్ట ఆరోగ్యంగా ఉన్నట్టు. వాలు నడుమలో బయటపడితే అనుమానించాలి. బురదగా వస్తే మాత్రం పరుగెత్తాలి; ఆ బురద కట్ట సొంత ఒళ్లు, లోపలినుంచి కొట్టుకొస్తోంది. ఎలుక బొక్క, ఎండ్రికాయ బొక్క, చచ్చిన చెట్టు కుళ్లిన వేరు, ఏదైనా సరే ఆ దారికి మొదలు కావచ్చు. అందుకే పాతకాలపువాళ్లు కట్ట మీద గరికను రానిచ్చారు, వావిలిని రానిచ్చారు గానీ పెద్ద మానులను కట్ట ఒంటి మీద పెంచలేదు. ఇవాళ సర్కారు తుమ్మ ఎక్కని కట్ట లేదు. పూడిక తీసినప్పుడల్లా దాన్ని కొడతారు, అది మళ్లీ వస్తుంది.

ఇంతటి కట్టకు దినం దినం చూసే కన్ను కావాలి. ఆ కన్ను నీరటి. పార భుజాన వేసుకొని పొద్దున ఒకసారి, పొద్దుగూకి ఒకసారి కట్ట పొడుగునా నడిచేవాడు. పైన నడుస్తూ లోపలి మట్టం చూసేవాడు, కింద నడుస్తూ ఊట చూసేవాడు. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంత పారిందో చూడటం అతని బాధ్యత. పంట చేతికొచ్చాక రైతులు కల్లం దగ్గర అతనికి గింజలు కొలిచి ఇచ్చేవారు. నీరటి నడిచిన గీత మీదనే బండ్ల బాట పడింది, బడి పిల్లల బాట పడింది, ఇప్పుడు మోటారు సైకిళ్ల బాట పడింది. రోజూ వంద కాళ్లు పడే చోట ఎలుక బొక్క పెట్టదు, పెట్టినా నాలుగు రోజులు దాగదు. నడక కట్టను తొక్కి గట్టిపరుస్తుంది కూడా.

ఈ కాపలా ఒక్క నీరటి మీదే వదలకుండా ఊరంతా పంచుకునే ఉపాయం ఒకటి మనవాళ్లకుంది. దానికి పేరు కట్ట మైసమ్మ. తెలంగాణలో చాలా చెరువులకు కట్ట మీద ఒక మైసమ్మ ఉంటుంది. గుడి అనడానికి లేదు. నిలబెట్టిన రాయి, పసుపు కుంకుమ, అంతే. అమ్మవారు ఊళ్లో కూర్చోవచ్చు కదా, కట్ట మీద ఎండలో ఎందుకు? నాకు తోచిన జవాబు ఇది. అమ్మవారు ఎక్కడుంటే జనం అక్కడికి నడిచిపోతారు. చెరువు నిండినప్పుడు పోతారు, పెళ్లయితే పోతారు, బోనమెత్తుకొని పోతారు. పోయిన ప్రతిసారీ ఊరి ఆడవాళ్ల, ముసలివాళ్ల, పిల్లల కళ్లు కట్ట మీద పడతాయి. ఇది పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, ఏ ఇంజనీరూ ఇంతకంటే చవకైన తనిఖీ ఏర్పాటు చేయలేడు.

బతుకమ్మది కూడా ఇదే సంగతి. వానలు వెనకపట్టి చెరువులు నిండుగా ఉండే రోజుల్లో ఊరంతా కట్టకే పోతుంది. వేములవాడకు ఇందులో ఒక వింత ఉంది. అంతటా తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ చేస్తే, ఇక్కడ ఏడో రోజే చేస్తారు. మూలవాగులో బతుకమ్మ తెప్ప దగ్గర గునుగు, తంగేడు పేర్చిన బతుకమ్మలను నీళ్లకిస్తారు. ఆ సాయంత్రం వాగు ఒడ్డు ఏ నగరపాలక సంస్థా కట్టించలేనంత మంచి నడకబాట. తల మీద బతుకమ్మ ఉన్న మనిషి కాలి కింద చూడలేదు. అందుకే ఆ దారికి మెట్టు ఒద్దికగా ఉండాలి, వాలు మెల్లగా దిగాలి, అంచున నిలబడి నీళ్లకు వంగే జాగా ఉండాలి. మంచి రేవు కట్టినవాడికి ఇవన్నీ తెలుసు.

కట్ట మీద నడుస్తూ పోతే రెండు చోట్ల బాట తీరు మారుతుంది. ఒకటి తూము. చెరువు నీళ్లు కట్టను అడ్డంగా దాటి పొలాలకు పోయే సొరంగం అది. కట్ట మొత్తంలో బలహీనమైన చోటు కూడా అదే. రాయికీ మట్టికీ నడుమ సందు పట్టుకొని నీళ్లు పక్కదారి వెతుక్కుంటాయి. పాత తూములకు నీటిలో రెండు రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి నడుమ కర్రకు కట్టిన బిరడాను పైకి కిందికి ఆడించేవారు. నీళ్లు తగ్గిన చెరువులో ఆ రెండు స్తంభాలు తలుపు లేని వాకిలిలా కనబడతాయి.

రెండోది మత్తడి. నాకు కట్ట మొత్తంలో ఇష్టమైన చోటు. ఇక్కడ బాట తల వంచుతుంది. అప్పటిదాకా నీటికి మనిషెత్తున పోయిన కట్ట ఆగిపోయి, తక్కువ ఎత్తు రాతిగోడ మొదలవుతుంది. చెరువు ఎంత నిండాలో ఆ గోడ నెత్తి చెప్తుంది, దాటిన చుక్క బయటికి పోవాల్సిందే. అవతలి వైపు మెట్లు మెట్లుగా దించి కట్టడం వల్ల దుంకిన నీళ్లు ఒక్కసారిగా నేలను తవ్వకుండా, మెట్టు మెట్టుకూ తమ బలం పోగొట్టుకుంటూ దిగుతాయి. ఎండాకాలం మనిషి ఆ గోడ మీదుగా అవతలికి నడిచిపోవచ్చు. వానాకాలం మత్తడి దుంకుతుంటే బాట తెగిపోతుంది. చుట్టూ తిరిగి పోవాలి, లేకపోతే ఆగిపోవాలి. వంతెన కట్టొచ్చు కదా అంటారు. కట్టొచ్చు. కానీ సన్నటి కండ్ల వంతెన కడితే వరదలో కొట్టుకొచ్చిన తుమ్మ మండలన్నీ అక్కడే ఇరుక్కొని, మత్తడి పొడుగు సగానికి సగం తగ్గినంత పనవుతుంది. పోయే దారి మూసుకుపోయిన నీళ్లు కట్ట నెత్తి మీదినుంచి పోతాయి. మట్టికట్ట నెత్తి మీదినుంచి నీళ్లు పోయాయంటే ఇక కట్ట లేనట్టే. ఏడాదికి పది రోజులు తెగిపోయే బాట మిగిలిన మూడు వందల యాభై అయిదు రోజులూ కట్టను బతికిస్తుంది.

మత్తడి దిగాక ఒర్రె. ఇక్కడ బాట మనిషి వేసింది కాదు, నీళ్లు వేసిందే. మూలవాగులో నీళ్లు లేని కాలంలో ఇసుకే దారి అయ్యేది. చెలిమెలు తోడుకొని నీళ్లు తాగేవారు. ఇప్పుడు ఇసుక తగ్గింది, ఊరి మురికి కలుస్తోంది. పొగడటానికి కూర్చున్నవాడికి కూడా కొన్ని చోట్ల ముక్కు మూసుకోక తప్పదు.

ఈ నీటి పనితనం మన ప్రాంతానికి నిన్న మొన్నటిది కాదు. వేములవాడ చాళుక్యుల రాజధానిగా ఉన్న కాలంలో, పంపకవి రెండో అరికేసరి కొలువులో ఉన్నాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్–జగిత్యాల దారిలో ఉన్న కురిక్యాల బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉన్న ఆ శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయని సాహిత్యవేత్తలు దాన్ని తలకెత్తుకుంటారు. నన్ను ఆపింది ఇంకో సంగతి. ఆ గుట్ట దగ్గర ఆయన జైన బసది కట్టించాడు, తోట వేయించాడు, చెరువు తవ్వించాడు. చెరువుకు పెట్టిన పేరు కవితాగుణార్ణవం. అది అన్న పంపకవి బిరుదు. అన్నను తలుచుకోవడానికి విగ్రహం పెట్టలేదు, కట్ట వేయించాడు. అర్ణవమంటే సముద్రం కాబట్టి పేరు కూడా కుదిరింది.

చెరువు ఎట్లా కట్టాలో రాసిపెట్టినదాన్ని చదవాలంటే తెలుగు నేల మీద ఇంకో చోటికి పోవాలి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి దాన్ని వేయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెప్పారు. అంగాల్లో ధర్మం తెలిసిన రాజుంటాడు, జలశాస్త్రం తెలిసిన మనిషుంటాడు, గట్టి నేల, తియ్యటి నీటి వాగు, దగ్గర్లో రాయి దొరికే గుట్ట, పనితనమున్న కూలి గుంపు ఉంటాయి. దోషాల్లో మొదటిది కట్టలోంచి నీరు కారడం. చెరువు నడుమ మిట్ట ఉండటం ఇంకో దోషం. దానికి వాళ్లు వాడిన మాట కూర్మం, అంటే తాబేలు వీపు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమే అన్నారు. నీళ్ల తగాదాలు చూస్తున్న మనం ఆ మాటను చప్పట్లతో ఒప్పుకుంటాం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి మోయడానికి వంద బండ్లు, రెండేండ్ల పని అని లెక్క కూడా రాశారు. పనివాళ్ల సంఖ్యను రాయి మీద చెక్కించాలనుకున్న ఆ మనసు నాకు నచ్చింది.

ఇప్పుడు సముద్రం దాటి పోదాం. మన దగ్గర చాలా ఇండ్లలో తల్లిదండ్రులు ఆరు నెలలకు అమెరికా పోయివస్తున్నారు. కాలిఫోర్నియాలో శాంటా క్లారా, సన్నీవేల్ వైపు కొడుకో బిడ్డో ఉంటే పొద్దున్నే వాళ్లు నడిచేది శాన్ టోమాస్ అక్వినో వాగు వెంట బాట మీద. మౌంటెన్ వ్యూ అయితే స్టీవెన్స్ వాగు బాట. నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు, పసిపిల్లల బండి తోసేవాళ్లు అందరికీ ఒకటే బాట, నడుమ ఒక పసుపు గీత. ఆ బాటలు ఉత్తరానికి పోయి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ వేస్తున్న పెద్ద బాటలో కలుస్తాయి. 1989లో ప్రణాళిక వేసిన ఆ బే ట్రయల్ మొత్తం పొడుగు 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు. అందులో 350 మైళ్లకు పైగా పూర్తయింది.

మన పెద్దవాళ్లకు అక్కడ పరాయితనం ఎందుకు అనిపించదో నాకు తర్వాత అర్థమైంది. ఆ వాగు బాటల్లో చాలా భాగం కట్ట మీద బాటే. వరద ఆపడానికి వాగు పక్కన మట్టి కట్టలు పోశారు. కట్టలను చూసుకోవడానికి నీటి సంస్థ బండ్లు తిరిగే దారి నెత్తిన పెట్టారు. ఆ దారినే జనానికి తెరిచారు. మళ్లీ నీరటి బాటే, కాకపోతే పార బదులు ట్రక్కు. రోడ్లు అడ్డం వచ్చిన చోట బాట కిందికి దిగి, వంతెన కిందినుంచి, వాగు పక్కనే దూరి అవతల పైకెక్కుతుంది. గట్టి వాన పడితే ఆ దిగుడు దారుల గేట్లు మూసేస్తారు, ఆ రోజు వాగుదే దారి. మత్తడి దగ్గర తల వంచిన మన బాట గుర్తొచ్చిందంటే తప్పా? లీవైస్ స్టేడియం పక్కన మాత్రం ఆట ఉన్న రోజు బాట మూస్తారు. నీళ్లకు తలవంచడం అర్థమైంది గానీ, ఫుట్‌బాల్‌కు ఎందుకో నాకు మింగుడుపడలేదు.

ఈ ఆలోచన అక్కడ కూడా పాతదే. కొలరాడోలోని బౌల్డర్ పట్టణానికి 1910లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ జూనియర్ ఒక నివేదిక రాసిచ్చాడు. వాగు పొంగే జాగాలో ఇండ్లు కట్టుకోకుండా తోటగా వదిలేయమన్నాడు. పొంగిన రోజు వాగుది, పొంగని రోజు జనానిది. మనం ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) అని, దాన్ని ఆనుకొని ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్ అని కోర్టుల్లో కొట్టుకుంటున్నది ఈ రెండు ముక్కల గురించే.

ఇక మన కొత్త బాటలు. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చారు. పూడిక తీశారు, తుమ్మ కొట్టారు, తూములు బాగుచేశారు. ఆ వెంబడే పట్టణాల్లో మినీ ట్యాంక్‌బండ్ల మోజు వచ్చింది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ కట్ట అందరికీ నమూనా. 1562లో కట్టిన ఆ కట్టను దివాన్ మీర్జా ఇస్మాయిల్ 1946లో వెడల్పు చేయించాక అది నగరానికి సాయంత్రపు వాకిలైంది. వేములవాడ గుడి చెరువు కట్టను కూడా నడకకు అనువుగా తీర్చారు. ఆలయ విస్తరణ కోసం చెరువు శిఖంలో కొంత మట్టితో నింపారు. పొద్దున్నే అక్కడ నడుస్తుంటే గోపురం, నీళ్లు, నీళ్లలో గోపురం కనబడతాయి. బాగుంటుంది. కాదనను.

కానీ కొత్త కట్టలన్నిటి మీద నాకో ఫిర్యాదుంది. పలకలు పరుస్తున్నారు. పలక కింద ఎలుక ఎన్ని బొక్కలు చేసినా ఎవరికీ కనబడదు. కట్ట కుంగితే మట్టి బాట తనంతట తాను సర్దుకుంటుంది; పలకలు మాత్రం తలలెత్తి కాలికి తగులుతాయి. నెత్తి వాలు చూసేవాడు లేడు. ఒకచోట చినుకులన్నీ బయటి వైపే పోతుంటే నేనే నిలబడి చూశాను, గడ్డి వాలు మీద అప్పుడే చాలు పడుతోంది. రెయిలింగు వేసి, రేవు మూసి, బతుకమ్మ వేయడానికి గేటు తాళం అడగాల్సి వస్తోంది. ఊరి పేరు పక్కన ఎర్ర గుండె బొమ్మ పెట్టిన అక్షరాలు అన్ని ఊళ్లలోనూ ఒకేలా వెలుగుతున్నాయి. వాటి కోసం తవ్విన పునాది కట్ట నెత్తిలోంచే పోయింది. మైసమ్మ రాయి అయితే పునాది లేకుండానే నిలబడింది.

పెద్ద కట్టలు నాకు ఆ మాటకొస్తే కొంత ఊరట. కరీంనగర్‌లో దిగువ మానేరు కట్ట పది కిలోమీటర్ల పైచిలుకు పొడుగు. సాయంత్రం అక్కడ నడిచేవాళ్లలో చాలామందికి తాము ఇంజనీర్లు తనిఖీకి వేసుకున్న దారి మీద నడుస్తున్నామని తెలియదు. లోపలి వైపు రాయి పరుపు ఉంది, బయటి వైపు గడ్డి ఉంది, కట్ట లోపలి ఊటను కొలిచే గొట్టాలు అక్కడక్కడ తలలు బయటపెట్టి ఉంటాయి. మన చెరువు కట్టనే పది రెట్లు పెంచి కట్టినట్టుంటుంది. 25 గేట్లున్న మధ్య మానేరు కూడా అంతే. పాతిక టీఎంసీలకు పైగా నీటిని ఆపుతున్నది ఎక్కువ భాగం మట్టే.

ఆ మట్టి వెనక మునిగిన ఊళ్లున్నాయి. చీర్లవంచ, చింతలఠాణా, కొదురుపాక, సంకెపల్లి ఇంకా ఎన్నో. వాటికి పోయే పాత దారులు ఇప్పటికీ ఉన్నాయి. నడుచుకుంటూ పోతే రోడ్డు రోడ్డులాగే పోయి, ఏ బోర్డూ లేకుండా మెల్లగా నీళ్లలోకి దిగిపోతుంది. ఎండాకాలం మట్టం తగ్గినప్పుడు ఇంకొంత రోడ్డు బయటపడుతుంది, గోడలు బయటపడతాయి. ఒక మేలో అట్లా బయటపడ్డ దారి మీద నడిచాను. పక్కన ఊరి కుంట కట్ట తేలి ఉంది. ఏండ్ల తరబడి నీళ్ల కింద ఉన్నా దాని లోపలి వైపు రాళ్లు ఒక్కటి కదలలేదు. చిప్పరాళ్లు కూడా సందుల్లోనే ఉన్నాయి. కట్ట నెత్తి మీదికెక్కి నిలబడితే, ఎడమ పాదం వెంట్రుకవాసి కిందికి పడింది.